రైలుబండి, కరెంటు కోత, కథకుడు

పదోతరగతి దాకా నా దగ్గర చదువుకొని, ఇప్పుడు తెలుగు ఎం.ఏ. చేస్తున్న కుర్రవాడొకడు కిందటి వేసవిలో ఒక కథ రాసి తెచ్చి చూపించాడు. రాత్రిపూట విశాఖపట్నం వస్తున్న రైలు. ఎక్కడో గ్రిడ్ కూలిపోతుంది. స్విచ్చి నొక్కినట్టు బండి ఠక్కున ఆగిపోతుంది. పెట్టెలన్నిటిలోనూ దీపాలు ఒక్కసారిగా ఆరిపోతాయి. ఆ కటికచీకట్లో ఏ.సి. పెట్టెలోని పెద్దమనిషీ, జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి పక్కన నిలబడ్డ వలసకూలీ ఒకే విధంగా ఉక్కిరిబిక్కిరవుతారు. చీకటి అందరినీ సమానం చేసిందన్న భావంతో కథ ముగుస్తుంది. కుర్రవాడి సానుభూతి ఎటువైపు వున్నదో స్పష్టంగానే వుంది. భాష కూడా పొందికగా వుంది. అయినా ఏదో వెలితి. అదేమిటో నాకు వెంటనే అందలేదు.

మర్రిపాలెంలో వుంటున్న రిటైరైన ఇంజను డ్రైవరొకాయన నాకు చాలాకాలంగా పరిచయం. పాతికేళ్లు కిరండూల్ లైనుమీద బండ్లు నడిపిన మనిషి. సాహిత్యమంటే ఆసక్తి వుంది గాని విమర్శకులంటే పెద్ద గౌరవం లేదు. ఆయనకు కథ చదివి వినిపించాను. అంతా విని, "కత బాగానే వుంది మాస్టారూ, గానీ బండి అలాగ ఆగదండి. కరెంటు పోతే బండి దానికదే ఆగిపోదు, మనం ఆపుకోవాల. అయినా సమానం చేసిందంటాడేటి? కరెంటు తగ్గినప్పుడు ఏ బండి ముందెళ్లాల, ఏ బండి లూపులో పడుండాల అన్నదే కదా అసలు గొడవంతా!" అన్నాడు.

వెలితి ఎక్కడ వున్నదో నాకు అప్పుడు బోధపడింది. కుర్రవాడికి వస్తువు దొరికింది గాని వస్తువు పనిచేసే తీరు తెలియదు. తెలియని చోట ప్రతీకను అతికించాడు. ఆ ప్రతీక అతని దృక్పథానికే ఎదురు తిరిగింది. ఇది అతనొక్కడి లోపం కాదు. రైలును మన కవులూ కథకులూ ప్రగతికి గుర్తుగా వాడుకొన్నారు, ఎడబాటుకు గుర్తుగా వాడుకొన్నారు, చావుకు కూడా వాడుకొన్నారు. ఇంజను ఏం తిని నడుస్తుందో పట్టించుకొన్నవాళ్లు తక్కువ. బొగ్గు ఇంజను కాలంలో పొగ కనపడేది, పార పట్టుకొన్న ఫైర్‌మన్ కనపడేవాడు. కరెంటు వచ్చాక బొగ్గూ కనపడదు, దాన్ని తవ్వే చెయ్యీ కనపడదు, నెత్తిమీద ఒక తీగ మాత్రం కనపడుతుంది. కనపడని శ్రమను గురించి రాయదలచుకొన్నవాడు ఆ తీగ వెంట కొంతదూరం నడవక తప్పదు.

మన ప్రాంతపు రైళ్లకు కరెంటు వచ్చిన క్రమమే ఒక పాఠం. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల చివర వేసినది. బస్తరు కొండల్లోని బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు ఎగుమతి చెయ్యడానికి పుట్టిన లైను అది. 58 సొరంగాలున్నాయి. అరకు దగ్గరి శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి వేయి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున వుంటుంది. ఈ లైనుకు 1980–82 మధ్య కరెంటు వేశారు. 1980ల చివర దానిమీదకు వచ్చిన కొన్ని ఇంజన్లు జపానులో తయారయినవి. ఖనిజం అటు పోయింది, ఇంజన్లు ఇటు వచ్చాయి! ఇక జనం కిక్కిరిసి తిరిగే విజయవాడ–విశాఖ ప్రధానమార్గానికి కరెంటు 1990లలోగాని రాలేదు. ఖరగ్‌పూర్ దాకా వున్న ఉత్తరపు ముక్క పూర్తయేసరికి 2005 వచ్చింది. అంటే విశాఖలో కరెంటు బండి ముందుగా ఎక్కినది ఖనిజం, తరువాత మనిషి. ఇందులో కుట్ర ఏమీ లేదు. నిటారు కొండ ఎక్కడానికి డీజిలుకంటే కరెంటు ఇంజను మేలు గనుక అక్కడ ముందు వేశారు. అయినా ఈ వరస గుర్తుంచుకోదగినది. కరెంటు తక్కువయినప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఇప్పుడు తీగ సంగతి. గ్రిడ్ నుంచి 132 లేదా 220 కిలోవోల్టుల కరెంటు రైల్వే సబ్‌స్టేషనుకు వస్తుంది. అక్కడ దాన్ని 25 కిలోవోల్టులకు దించి పట్టాలమీది తీగకు ఇస్తారు. మన ఇళ్లలోకి వచ్చేది 230 వోల్టులు. తీగలో వున్నది దానికి వందరెట్లకు పైమాట. ఇట్లాంటి సబ్‌స్టేషన్లు నలభై నుంచి అరవై కిలోమీటర్లకు ఒకటి చొప్పున వుంటాయి. గ్రిడ్‌లో కరెంటు మూడు ఫేజులుగా వుంటుంది. రైలు వాటిలో రెండింటినే వాడుకొంటుంది. దారిపొడవునా అందరూ ఒకే జతను పట్టుకొని లాగితే గ్రిడ్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుచేత ఒక సబ్‌స్టేషను ఒక జతను, పక్క సబ్‌స్టేషను మరొక జతను తీసుకొంటాయి. ఈ రెండూ తగులుకోకుండా మధ్యలో కరెంటు లేని చిన్న ముక్కను వుంచుతారు. దాన్ని న్యూట్రల్ సెక్షను అంటారు. అది దగ్గర పడగానే డ్రైవరు ఇంజనులో సర్క్యూట్ బ్రేకరు తెరుస్తాడు, వున్న వేగంతోనే ఆ ముక్క దాటిస్తాడు, మళ్లీ మూస్తాడు. విశాఖ నుంచి విజయవాడ వెళ్లే లోపల ప్రయాణికుడు ఎన్నోసార్లు కరెంటు లేని తీగ కింద ప్రయాణం చేస్తాడు. అతని చేతిలోని టీ కూడా తొణకదు. "కరెంటు పోతే బండి ఆగదు" అని మా మిత్రుడన్న మాటకు మూలం ఇదే. వందల టన్నుల ఇనుము ఒకసారి కదిలాక దానికి తనదైన పట్టుదల వుంటుంది.

పోతే, కొరత అనేది ముందుగా చీకటి రూపంలో రాదు. నీరసం రూపంలో వస్తుంది. గ్రిడ్ గుండె సెకనుకు యాభైసార్లు కొట్టుకోవాలి. ఉత్పత్తి కంటే వాడకం ఎక్కువయితే ఆ వేగం తగ్గుతుంది. 1980లలో, 1990లలో దక్షిణాది గ్రిడ్ 49కి దిగువన కూడా చాలాకాలం నడిచింది. ఇళ్లలో ఫ్యాన్లు నత్తనడక నడిచిన ఆ సాయంకాలాలు నా ఈడువాళ్లకు గుర్తుండే వుంటాయి. తీగలో వోల్టేజీ 25 కిలోవోల్టుల నుంచి జారుతుంది. 19 దాకా ఇంజను ఓర్చుకొంటుంది. అంతకంటే దిగితే రిలేలు పడిపోతాయి. దానికి ముందే బండి ఎత్తులమీద కాళ్లీడుస్తుంది, సహాయపు మోటార్లు వేడెక్కుతాయి. 2003 జనవరిలో దక్షిణాదిన కొత్త విద్యుత్ ధరల పద్ధతి వచ్చింది. గ్రిడ్ నీరసించిన వేళ ఎక్కువ లాగినవాడు ఎక్కువ కట్టాలన్నది దాని సారం. ఆ తరువాతనే గుండె కొంత కుదుటపడింది. ఇంజనీర్లు ఏళ్ల తరబడి చెప్పినా వినని బోర్డులు బిల్లు చూసి విన్నాయి!

ఒక సబ్‌స్టేషనుకు సరఫరా పూర్తిగా పోయిందనుకొందాం. రెండు సబ్‌స్టేషన్ల సరిహద్దులో స్విచ్చులున్న గది వుంటుంది. కంట్రోలు ఆఫీసులో విద్యుత్ కంట్రోలరు దాన్ని కలిపి, పక్క సబ్‌స్టేషను కరెంటును ఈ మేరకు కూడా పారిస్తాడు. కాలవ తెగినప్పుడు పక్క చెరువు తూము ఎత్తినట్టు. అయితే దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది గనుక ఇదివరకు ఆరు బండ్లు నడిచిన మేర ఇప్పుడు రెండో మూడో మాత్రమే నడవగలవు. రెండు బరువైన బండ్లు ఒకేసారి బయల్దేరకూడదు. ఒకటి వేగం అందుకొన్నాక రెండోదాన్ని వదలాలి. దీనికి తోడు పక్క సబ్‌స్టేషను విద్యుత్ సంస్థతో రాసుకొన్న ఒప్పందపు పరిమితిని దాటితే అపరాధ రుసుము పడుతుంది. ఈ క్షణంలోనే సాంకేతిక సమస్య సామాజిక సమస్య అవుతుంది. ఏ బండిని వదలాలి? ఏ బండిని నిలపాలి?

రైల్వేలో దీనికి రాసిపెట్టిన వరస వుంది. ప్రమాదస్థలానికి పోయే సహాయపు బండికి అందరికంటే ముందు దారి. తరువాత రాజధానిలాంటి పెద్ద బండ్లు, మెయిళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు, ఆ తరువాత పాసెంజర్లు, చివర గూడ్సు. కాగితంమీద మనిషి సరుకు కంటే ముందే వున్నాడు. అయితే మనుషుల్లో మనుషులున్నారు. 2023 జనవరి 15న సికిందరాబాదు–విశాఖ మధ్య మొదలయిన వందేభారత్‌కు దారి ఇవ్వడానికి తుని దగ్గరో, యలమంచిలి దగ్గరో లూపులో నిలబడవలసింది పాసెంజరే. కొరత లేని రోజున ఆ నిలుపుదల పది నిమిషాలు. కొరత వున్న రోజున అది ఎంతయినా కావచ్చు. పాసెంజరులో వున్నది ఎవరు? రేవులో పనికి వచ్చే కూలీ, కూరగాయల గంపలతో వచ్చే ఆడవాళ్లు, కేజీహెచ్‌కు రోగిని తెచ్చేవాడు. నిమిషాలకు ధర కట్టే లోకంలో వీళ్ల నిమిషాలు చౌక.

పెట్టెల్లో దీపాల మాట. కుర్రవాడు "దీపాలన్నీ ఆరిపోయాయి" అని రాశాడు. ఏ బండో చెప్పకుండా అట్లా రాయడానికి వీల్లేదు. పాతరకం పెట్టెల్లో దీపాలకూ ఫ్యాన్లకూ పైతీగతో సంబంధమే లేదు. చక్రాల ఇరుసుకు తగిలించిన ఆల్టర్నేటరు తిరిగి 110 వోల్టుల కరెంటు పుట్టిస్తుంది, బ్యాటరీలో నిలవ చేస్తుంది. బండి ఆగినా కొన్ని గంటలపాటు దీపాలు వెలుగుతూనే వుంటాయి. కొత్తరకం పెట్టెల్లో కొన్నిటికి డీజిలు జనరేటరున్న పెట్టె ఒకటి బండి చివర వుంటుంది. మరికొన్నిటికి ఇంజనే పైతీగ నుంచి తీసుకొని వెనక్కి పంపుతుంది. ఇవి తీగ చచ్చిపోతే జనరేటరుమీద పడతాయి. మెము బండిలో మాత్రం పెద్ద దీపాలు పోయి అత్యవసరపు దీపాలు మిగులుతాయి. అంటే గ్రిడ్ కూలిన రాత్రి నిజానికి జరిగేది కుర్రవాడి కథకు పూర్తిగా తలకిందులు కావచ్చు. పైతీగ మీద ఆధారపడ్డ ఏ.సి. పెట్టెలో గాలి ఆడదు, కిటికీలు తెరుచుకోవు. అదే పాత జనరల్ పెట్టెలో దీపం వెలుగుతూ వుంటుంది, కిటికీలోంచి గాలి వస్తూ వుంటుంది. ఇందులో ఎంత చేదు హాస్యం వుందో చూడండి! రావలసిన కథ ఇదీ.

అసలు భయం దీపాలది కాదు, బ్రేకులది. మా మిత్రుడు గంటసేపు చెప్పింది దీన్ని గురించే. ఖనిజం నింపుకొన్న బండి శిమిలిగుడ దాటి కొత్తవలసవైపు దిగుతూ వుంటుంది. కొత్తరకం ఇంజన్లలో దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లయి బండిని పట్టి ఆపుతాయి, పుట్టిన కరెంటును తీగలోకి తిరిగి పోస్తాయి. కొండదిగే బండి కొండెక్కే బండికి తన వంతు ఇస్తుందన్నమాట. పాత ఇంజన్లలో అదంతా నిరోధకాలలో వేడయి గాలిలో కలిసిపోయేది. అయితే తీగలో కరెంటు పోతే ఈ పట్టు కూడా పోతుంది. ఇక మిగిలేది గాలి బ్రేకు. ఆ గాలిని నింపే కంప్రెసరూ తీగ కరెంటుమీద నడిచేదే. బ్యాటరీమీద నడిచే చిన్న కంప్రెసరు ఒకటి వుంటుంది గాని అది పాంటోగ్రాఫును తిరిగి ఎత్తడానికి పనికొస్తుంది తప్ప బండి బరువును ఆపడానికి కాదు. అందుచేత నిలవవున్న గాలి వుండగానే డ్రైవరు బండిని ఆపుకోవాలి. ఆపాక సిలిండర్లలోని గాలి నెమ్మదిగా కారిపోతూ వుంటుంది. ఎక్కువసేపు కరెంటు రాకపోతే బండి దిగి, చీకట్లో, పక్కన లోయ పెట్టుకొని, వ్యాగన్ల చేతిబ్రేకులు ఒక్కొక్కటే బిగించాలి, చక్రాలకింద దిమ్మలు పెట్టాలి. "టైడాకీ చిమిడిపల్లికీ మజ్జిన ఒకసారి వానలో అలాగే ముప్పై బ్రేకులు బిగించీసినాం. చేతులు బొబ్బలు. అవతల కిరండూల్ బండిలో అరకు చూసొచ్చినోళ్లు పాటలు పాడుతున్నారు, బండి ఎందుకాగిందో ఆళ్లకి తెలీదు" అన్నాడాయన. కథ రాసేవాడికి ఈ ముప్పై బ్రేకులు కావాలి.

ఇంతవరకూ చెప్పినది బట్టి కొరత వస్తే రైల్వే వెంటనే కుదేలవుతుందనుకొంటే పొరపాటు. దేశం వాడే మొత్తం విద్యుత్తులో రైల్వే వంతు రెండు శాతానికి అటూ ఇటూ. దాన్ని కాపాడుకోవడం గ్రిడ్‌కు పెద్ద భారం కాదు. కోతలు పెట్టేటప్పుడు రైల్వే లైన్లను మినహాయిస్తారు. గ్రిడ్ కూలి తిరిగి లేపేటప్పుడు కూడా రైళ్లకూ గనులకూ ఆసుపత్రులకూ ముందు ఇస్తారు. అది సమంజసమే. అయితే ఒకరికి మినహాయింపు ఇచ్చినప్పుడు ఆ కోత మరొకరి నెత్తిన పడుతుంది. ముందు వేటు పడేది పల్లె ఫీడరుమీద, పంపుసెట్టుమీద. అనంతగిరి, అరకు కొండల్లో 1982 నాటికే 25 కిలోవోల్టుల తీగ వెళ్లింది. దాని చుట్టుపక్కల ఎన్నో గిరిజన గూడేలలో ఆ తరువాత చాలా ఏళ్లదాకా కిరసనాయిలు దీపాలే. తీగ తలమీద నుంచి పోతుంది, ఇంట్లోకి రాదు. రైల్వే తీగ నుంచి ఇళ్లకు కరెంటు ఇవ్వడం కుదరదు, అది వేరే వ్యవస్థ, నిజమే. కుదరకపోవడానికి సాంకేతిక కారణం వున్నంతమాత్రాన ఆ దృశ్యం అర్థం మారిపోదు.

2012 జూలై సంగతి అందరికీ తెలిసిందే గాని మన ఊరివైపు నుంచి చూస్తే మరోలా కనపడుతుంది. 30వ తేదీ తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్ కూలింది. 31 మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. 60 కోట్లమందికి పైగా జనం వున్న ప్రాంతం. మూడువందల రైళ్లదాకా ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఢిల్లీ మెట్రో సొరంగాల్లోంచి జనాన్ని నడిపించి బయటికి తెచ్చారు. అదే మధ్యాహ్నం విశాఖలో ఫ్యాన్లు తిరుగుతూనే వున్నాయి. దీనికి కారణం మన గాజువాకలో వుంది. అక్కడి విద్యుత్ కేంద్రంలో తూర్పు గ్రిడ్ కరెంటును డీసీగా మార్చి, అదే ఆవరణలో తిరిగి ఏసీగా చేసి దక్షిణ గ్రిడ్‌కు ఇస్తారు. రెండు గుండెలు ఒకే లయలో కొట్టుకోవలసిన పని లేకుండా రక్తం మాత్రం ఇచ్చిపుచ్చుకొనే ఏర్పాటు ఇది. అవతలి గుండె ఆగినా ఇవతలిది ఆగదు. ఆనాడు దక్షిణాది ఇట్లా వేరుగా వుండబట్టి బయటపడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దక్షిణాది కూడా దేశపు గ్రిడ్‌లో కలిసింది. అప్పటినుంచి కొరత వచ్చినప్పుడు తెచ్చుకొనే దారీ పెరిగింది, పక్కవాడి జబ్బు అంటుకొనే దారీ పెరిగింది.

ఆనాటి వార్తల్లో ఒకటి ఇంకా నన్ను వదలలేదు. పశ్చిమ బెంగాలులో రెండువందలమంది బొగ్గుగని కార్మికులు, కరెంటు లేక లిఫ్టులు పనిచేయక, గంటల తరబడి భూమిలోపల చిక్కుపడిపోయారు. తరువాత క్షేమంగా బయటికి వచ్చారు. వాళ్లు తవ్విన బొగ్గుతో పుట్టే కరెంటే వాళ్లను పైకి తేవాలి. దీనిమీద తెలుగులో నేను చదివిన కథ లేదు. రైళ్లు ఆగిన వార్త మొదటి పేజీలో వచ్చింది, ఇది లోపలి పేజీలో వచ్చింది.

మరుసటి సంవత్సరం మన వంతు వచ్చింది, అయితే వేరే కారణాన. 2013 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం తెలంగాణ ఏర్పాటును ఆమోదించింది. 6వ తేదీ నుంచి సీమాంధ్ర విద్యుత్ ఉద్యోగులు నిరవధిక సమ్మెకు దిగారు. విజయవాడ థర్మల్ కేంద్రం మొదలుకొని ఉత్పత్తి పడిపోయింది. కోస్తాలో రైళ్లు ఎక్కడికక్కడ ఆగాయి. రైల్వే చేసిన పని ఏమిటంటే దొరికిన డీజిలు ఇంజన్లన్నీ పోగుచేసి ఎక్స్‌ప్రెస్‌లకు తగిలించింది, పాసెంజర్లను కొన్నిటిని రద్దు చేసింది. వాల్తేరు డీజిలు షెడ్డు 1965 నాటిది, దేశంలో పెద్దవాటిలో ఒకటి. కాలం చెల్లిందనుకొన్న ఇంజన్లే ఆ నాలుగైదు రోజులు కోస్తాకు దిక్కయ్యాయి. ఫైలిన్ తుపాను ముంచుకొస్తున్నదని తెలిసి 10వ తేదీన సమ్మె నిలిపేశారు. రాష్ట్ర విభజనమీద ఎవరి అభిప్రాయం వారిది. దాన్ని ఇక్కడ తవ్వను. కథకుడికి ఇందులో వున్న చిక్కు వేరు. కరెంటు ఆపినవాడు శ్రామికుడే. స్టేషనులో పసిపిల్లతో పడిగాపులు పడ్డదీ శ్రామికురాలే. ఇంజను మార్చడానికి నిద్ర మానుకొన్న షెడ్డు ఫిట్టరూ శ్రామికుడే. ప్రతినాయకుణ్ని ముందే నిర్ణయించుకొని కథ మొదలుపెట్టే అలవాటు మనకు బాగా వుంది. ఆ అలవాటుకు ఈ వస్తువు లొంగదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కథ మరీ తేలిక. గ్రిడ్ స్తంభాలూ పడ్డాయి, రైలు తీగలూ పడ్డాయి. అక్కడ ఎంపికకు తావులేదు. ప్రకృతి వైపరీత్యాన్ని గురించి మనవాళ్లు వెంటనే కవితలు రాయగలగడానికి కారణం బహుశా ఇదే. ఎవరిని ముందు నిలిపారన్న ప్రశ్న అందులో వుండదు.

ఆ ప్రశ్న అన్నిటికంటే నగ్నంగా వచ్చింది 2022లో. ఆ వేసవి ఎండలకు కరెంటు వాడకం పెరిగి, థర్మల్ కేంద్రాల్లో బొగ్గు నిలవలు అడుగంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్లో పరిశ్రమలకు వారానికొకరోజు విద్యుత్ సెలవు ప్రకటించారు. బొగ్గు బండ్లకు దారి ఇవ్వడానికి రైల్వే దేశవ్యాప్తంగా ఆరువందలకు పైగా మెయిల్, ఎక్స్‌ప్రెస్, పాసెంజరు ట్రిప్పులను రద్దు చేసింది. వీటిలో ఎక్కువ భాగం బొగ్గు ప్రాంతపు బండ్లు. కాగితంమీద చివర వున్న గూడ్సు ఒక్క ఉత్తరువుతో ముందుకు వచ్చింది. ఇక్కడి చక్రాన్ని గమనించండి. రైలు నడవాలంటే కరెంటు కావాలి. కరెంటుకు బొగ్గు కావాలి. బొగ్గు రావాలంటే రైలు కావాలి. ఆ రైలుకు దారి కావాలంటే మరో రైలు ఆగాలి. ఆగినది వందేభారత్ కాదు. రైల్వే అధికారులు చెప్పిన కారణం అబద్ధమని నేను అనను. కేంద్రాలు ఆగిపోతే ఆసుపత్రులూ ఆగిపోతాయి. ఆ ఎంపిక తప్పనిసరి కావచ్చు. తప్పనిసరి అయిన ఎంపికకు కూడా ధర వుంటుంది, దాన్ని చెల్లించిన మనిషికి ఒక పేరు వుంటుంది. సాహిత్యం చూడవలసింది ఆ మనిషిని.

బయటి దేశాలు దీన్ని ఎట్లా ఎదుర్కొన్నాయన్నది స్థూలంగా చెప్పుకొందాం. మన ఖనిజం పుచ్చుకొన్న జపానులో 2011 మార్చి భూకంపం తరువాత టోక్యో ప్రాంతంలో వంతులవారీ కోతలు పెట్టినప్పుడు రైళ్లు తగ్గించి నడిపారు. అయితే అక్కడి తూర్పు జపాను రైల్వేకు షినానో నదిమీద సొంత జలవిద్యుత్ కేంద్రాలు, కవాసకిలో థర్మల్ కేంద్రం వున్నాయి. అందుచేత నగరం నడిమి లైన్లు కొంత నిలదొక్కుకొన్నాయి. మన విశాఖ ఉక్కు కర్మాగారం కూడా సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకొన్నదే. మన రైల్వే ఎన్.టి.పి.సి.తో కలిసి బీహారులోని నబీనగర్‌లో వేయి మెగావాట్ల కేంద్రం కట్టుకొన్నది, సౌరవిద్యుత్తూ కొంటున్నది. అయితే నబీనగర్ నుంచి కరెంటు ఇక్కడికి రావాలన్నా గ్రిడ్ తీగే దారి. దారి తెగితే సొంత బావి వున్నా నీళ్లు రావు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల గ్రిడ్ కూలినప్పుడు స్పెయిన్‌లో దారిలో చిక్కుకొన్న సుమారు 35 వేలమంది ప్రయాణికులను రైళ్లలోంచి దించవలసి వచ్చింది. అది సంపన్న దేశం, కొరత లేని దేశం.

ఇప్పుడు మన బ్రాడ్‌గేజి దాదాపు పూర్తిగా కరెంటుమీదకు వచ్చేసింది. డీజిలు ఇంజన్లు ఒక్కొక్కటే పోతున్నాయి. విపత్తుల కోసం కొన్నిటిని వుంచుకొంటామని రైల్వే చెబుతున్నది. పొగ తగ్గడం మంచిదే. అయితే 2013 అక్టోబరులాంటి రోజు మళ్లీ వస్తే, వున్న కొద్ది డీజిళ్లు ఏ బండికి తగిలిస్తారన్నది ఊహించుకోవడం కష్టం కాదు. మా మిత్రుడు దీన్ని గురించి దిగులుపడడు. "ఇంజన్లుంటే సరిపోదు మాస్టారూ. డీజిలు నడపడం వచ్చినోళ్లుండాల కదా. మాలాటోళ్లం దిగిపోతన్నాం" అన్నాడు.

కుర్రవాడితో ఈ సంగతులన్నీ చెప్పాను. మొదట కొంచెం నొచ్చుకొన్నాడు. "కథకు ఇంత సమాచారం అవసరమా మాస్టారూ?" అన్నాడు. సమాచారం కథలో కనపడనక్కరలేదు, అది లేకపోవడం మాత్రం కనపడుతుందన్నాను. ఒకరోజు మర్రిపాలెం తీసుకువెళ్లి పెద్దాయనకు పరిచయం చేశాను. నెలరోజుల తరువాత కథ తిరగరాసి తెచ్చాడు. ఇందులో గ్రిడ్ కూలదు. వోల్టేజీ తగ్గిన ఒక వేసవి రాత్రి పాసెంజరు చిన్న స్టేషను లూపులో రెండుగంటలుగా నిలబడి వుంటుంది. పెట్టెలో దీపం వెలుగుతూనే వుంటుంది. మొదట ఏ.సి. పెట్టెల బండి ఒకటి పక్కనుంచి దూసుకుపోతుంది. తరువాత బొగ్గు బండి. వలసకూలీ కూతురు కిటికీలోంచి వ్యాగన్లు లెక్కపెడుతుంది. నలభై అని తేలుతుంది. తండ్రి గార్డు దగ్గరికి వెళ్లి మన బండి ఎప్పుడు కదులుతుందని అడుగుతాడు. గార్డు వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకొని మాట్లాడకుండా నిలబడి వుంటాడు.

పెద్దాయన ఈసారి కళ్లజోడు పెట్టుకొని తనే చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నలభై కాదు బాబూ, బొగ్గు రేకుకి యాభై ఎనిమిదుంటాయి. ఆ పిల్లకి లెక్క తప్పిందని రాయి, లేదంటే మద్దిలో నిద్రపోయిందని రాయి" అన్నాడు.